కేలరీ లెక్క, బాంబు లెక్క

ఒక టన్ను టీఎన్‌టీ అంటే సరిగ్గా వంద కోట్ల కేలరీలు. ఇది కొలిచి తేల్చిన అంకె కాదు, లెక్క సులువు కోసం ఖాయం చేసుకున్నది. జౌళ్లలో 418.4 కోట్లు, కరెంటు మీటరు మీద 1,162 యూనిట్లు. నెలకు వంద యూనిట్లు వాడే ఇంటికి దాదాపు ఏడాది సరిపోతుంది. భూకంపం వచ్చినా, గిడ్డంగి పేలినా మన పత్రికలు ఈ కొలతనే పట్టుకుంటాయి: ఇన్ని టన్నుల టీఎన్‌టీ, ఇన్ని హిరోషిమాలు.

బొగ్గు గనులున్న గోదావరిఖని వైపు శక్తికి వేరే తూకం ఉంది. సింగరేణి బొగ్గుకు ధర కట్టేది కిలోకు ఎన్ని కిలోకేలరీలు అన్నదాన్ని బట్టే. 2012 జనవరి నుంచి దేశమంతటా బొగ్గుకు జీ-1 మొదలు జీ-17 దాకా గ్రేడులు వచ్చాయి. మెట్టు మెట్టుకూ 300 కిలోకేలరీల తేడా. 4,300 దాటితే జీ-10, ఆ లోపైతే జీ-11. ల్యాబులో గ్రాము బొగ్గుపొడిని బిళ్లగా నొక్కి, ఆక్సిజన్ నింపిన ఉక్కు పాత్రలో అంటించి, చుట్టూ ఉన్న నీళ్లు ఎంత వేడెక్కాయో చూస్తారు. శాంపిల్లో తేమ పెరిగితే గ్రేడు జారుతుంది. అందుకే అమ్మేవాళ్లకూ కొనేవాళ్లకూ పేచీ వస్తుంది. నా దృష్టిలో ఆ పేచీయే ఈ కొలతకు విలువ తెచ్చింది. ఇక్కడ తప్పితే డబ్బు పోతుంది. వార్తలో టీఎన్‌టీ టన్ను తప్పితే ఎవరి జేబుకూ చిల్లు పడదు.

రెండింటినీ పక్కపక్కన పెడితే వింతగా ఉంటుంది. కిలో టీఎన్‌టీకి వెయ్యి కిలోకేలరీలు, నాసిరకం కాని, మేలురకమూ కాని జీ-10 బొగ్గుకు అంతకు నాలుగు రెట్ల పైన. గుట్టు సగం ఆక్సిజన్‌లో ఉంది. పేలుడు పదార్థం తన ఆక్సిజన్‌ను తానే మోసుకొస్తుంది, అదీ చాలీచాలకుండా. బొగ్గు గాలి నుంచి ఊరికే తీసుకుంటుంది, ఆ బరువు లెక్కకు రాదు. శుద్ధ కార్బన్ కిలోకు దాదాపు 7,800 కిలోకేలరీలు ఇస్తుంది. అది మండడానికి కావలసిన 2.67 కిలోల ఆక్సిజన్‌నూ తూకంలో వేస్తే కిలోకు 2,100 దగ్గరికి దిగుతుంది. ఎనిమిది రెట్ల ఆధిక్యం రెండు రెట్లయింది. ఇక అదే టీఎన్‌టీని పేల్చకుండా గాలిలో పూర్తిగా మండిస్తే మూడు రెట్లకు పైగా వేడి వస్తుంది. వస్తువు మారలేదు, అంకె మారింది.

రామగుండం ఎన్టీపీసీ పాత స్టేషన్ సామర్థ్యం 2,600 మెగావాట్లు. రోజంతా నిండుగా నడిస్తే 6.24 కోట్ల యూనిట్లు. యూనిట్‌కు 860 కిలోకేలరీల చొప్పున మారిస్తే 53,664 టన్నుల టీఎన్‌టీ. 15 వేల టన్నుల హిరోషిమా బాంబులైతే మూడున్నర. యూనిట్ తీయడానికి బాయిలర్లో 2,400 కిలోకేలరీలు ఖర్చవుతాయనుకుంటే, అక్కడ రేగే వేడి పది బాంబులంత. గుణకారంలో దోషం లేదు. అయినా ఆ పొగగొట్టాల నీడలో జనం కాపురాలు చేస్తూనే ఉన్నారు. లెక్కలోంచి జారిపోయింది కాలం. కిలో టీఎన్‌టీ ముద్దలో పేలుడు అల సెకనుకు సుమారు 6,900 మీటర్ల వేగంతో సాగి, సెకనులో దాదాపు లక్షో వంతులో పని ముగిస్తుంది. ఆ కాస్తసేపు దాని సామర్థ్యం 2,600 మెగావాట్లకు నూరు రెట్ల పైమాటే.

టీఎన్‌టీ కొలతను పూర్తిగా కొట్టిపారేయను. 2020 ఆగస్టులో బీరూట్ రేవులో 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ పేలినప్పుడు దాని తీవ్రతను చెప్పడానికి ఆ కొలతే పనికొచ్చింది. పేలుడును పేలుడుతో పోల్చడం సబబే. బాయిలర్‌నూ భూకంపాన్నీ దానితో పోల్చడమే అతి.

ఓపెన్‌కాస్టు గనుల్లో బ్లాస్టింగ్ చేసేవాళ్లు ఈ రెండు లెక్కల మీదా ఆధారపడరు. మొత్తం పేలుడు మందు ఎంతన్నదానికన్నా ఒక్కో డిలేకు, అంటే ఒక్కో విడతలో, ఎన్ని కిలోలు పేలుతోంది, ఇళ్లు ఎంత దూరం అన్నవే చూస్తారు. రంధ్రాలను మిల్లీసెకన్ల ఎడంతో వరుసగా పేల్చితే మొత్తం శక్తి అంతే ఉంటుంది, ఊరికి చేరే అదురు తగ్గుతుంది. గనుల భద్రత చూసే డీజీఎంఎస్ 1997లో పెట్టిన హద్దులు కూడా కేలరీల్లో లేవు, నేల అదిరే వేగాన్ని కొలిచే సెకనుకు మిల్లీమీటర్లలో ఉన్నాయి. గని యజమానివి కాని మామూలు ఇళ్లకు, కంపనం 8 హెర్ట్జ్‌ లోపుంటే 5, 25 దాటితే 15.

2020 జూన్ 2న రామగుండం ఓపెన్‌కాస్టులో మందు నింపుతుండగా పేలి నలుగురు కాంట్రాక్టు కార్మికులు చనిపోయారు. వేడి లెక్కలో ఆ మందు ఎన్టీపీసీ బాయిలర్ల ముందు ఏ మూలకూ రాదు.

విలేకరులకు ఒక్క విన్నపం. బ్లాస్టింగ్‌తో గోడలు బీటలిచ్చాయని వార్త రాసేటప్పుడు టన్నుల టీఎన్‌టీ వద్దు. డిలేకు ఎన్ని కిలోలు పెట్టారు, ఇల్లు ఎన్ని మీటర్ల దూరం, కంపన మీటరు ఎంత చూపింది? ఈ మూడూ అడిగి రాయండి.