వినియోగదారుడు పావ్లోవ్ కుక్క కాడు

వ్యాపార ప్రకటనలను ఖండించేటప్పుడు మన విమర్శకులు తరచూ పావ్లోవ్‌ను సాక్ష్యానికి పిలుస్తారు. గంట మోగితే కుక్కకు నోరూరినట్టే, పాట వినబడితే జనం సబ్బు కొంటారని తేల్చేస్తారు. ఉపాధ్యాయ శిక్షణలో అభ్యసన సూత్రాలు చదివి, ఇరవయ్యేళ్ళుగా పాఠాలు చెబుతున్న నాకు ఈ తీర్పు తొందరపాటుగా తోస్తుంది.

ఈ వాదానికి ఆధారం లేదనను. 1913లో ప్రవర్తనావాదాన్ని ప్రతిపాదించిన జాన్ వాట్సన్, 1920లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం వదిలాక జె. వాల్టర్ థాంప్సన్ ప్రకటనల కంపెనీలో చేరి, 1924 నాటికి ఉపాధ్యక్షుడయ్యాడు. తరగతి గదిలో మనం పునశ్చరణ అనేదే ప్రకటనలో పదేపదే వినిపించే పాట. పేరులో ఒక అక్షరం మార్చి, అదే రంగు పొట్లంలో అమ్మే నకిలీ సరుకు బతికేది సామాన్యీకరణ సూత్రం మీదనే.

అయితే 1982లో గెరాల్డ్ గోర్న్ ప్రచురించిన ప్రయోగాలను చూడండి. ఒక రంగు కలాన్ని చూపుతూ కొందరు విద్యార్థులకు ‘గ్రీజ్’ సినిమా సంగీతం, మరికొందరికి భారతీయ శాస్త్రీయ సంగీతం వినిపించాడు. సినిమా సంగీతం విన్నవారిలో 79 శాతం ఆ రంగు కలాన్నే తీసుకున్నారు. రెండో జట్టులో 30 శాతమే. ఆ విద్యార్థులకు రుచించని సంగీతానికి మనవాళ్ళెందరో చెవి కోసుకుంటారు! అంటే ఇష్టాన్ని ప్రకటన పుట్టించలేదు. సమాజం పెంచిన అభిరుచిని అరువు తెచ్చి సరుకుకు అంటగట్టింది.

గోర్న్ రెండో ప్రయోగం ఇంకా ముఖ్యమైనది. కలాలు ఎంచుకోవలసి వస్తుందని ముందే తెలిసిన జట్టులో ఎక్కువమంది, పాట ఉన్న ప్రకటనను కాదని, కలం గుణం చెప్పిన ప్రకటన వైపు మొగ్గారు. ఆ ఎరుక లేని జట్టులో ఎక్కువమంది పాట వైపు పోయారు. పైగా 1989లో కెల్లారిస్, కాక్స్ అనే పరిశోధకులు తిరిగి పరీక్షిస్తే సంగీతపు ప్రభావం కనిపించనే లేదు.

కనుక జనాన్ని కుక్కతో పోల్చే విమర్శ, తనకు తెలియకుండానే ప్రకటనల కంపెనీల అహంకారాన్ని బలపరుస్తుంది. ప్రజల ఆలోచన మీద నమ్మకం లేనివాడు వారికోసం రాయడమెందుకు? కవితలో ప్రతీకను విప్పిచెప్పే మనం, పాటకూ సరుకుకూ మధ్య వేసిన ముడిని కూడా విప్పి చూపాలి. ఆ ముడి కనబడ్డ మనిషి ధర ఎంత, తూకం ఎంత, పనితనం ఏమిటని అడుగుతాడు. బడిలో పిల్లలకు నేను నేర్పవలసింది ఆ అడగడమే. మన విమర్శ కూడా ఆ పని చేపట్టాలని నా కోరిక.