మూత తీయని చెయ్యి

నరసాపురంలో సఖినేటిపల్లి రేవు దారిన కారు ఆవిరి కక్కుతూ ఆగితే, మంచి మెకానిక్ ముందు చేసే పని ఏమీ చెయ్యకపోవడం. బానెట్ ఎత్తి, అరగంట ఆగుతాడు. ఒత్తిడిలో ఉన్న నీరు 100 డిగ్రీలు దాటినా మరగదు. రేడియేటర్ మూత తిప్పారో, మొహం మీదకే చిమ్ముతుంది. (ఆ అరగంటా మనకి టీ చెప్పేది మర్యాదకే కాదన్నమాట.)

తరవాత రేడియేటర్ గొట్టాలు పట్టి చూస్తాడు. పైది కాలుతూ కిందది చల్లగా ఉంటే నీరు తిరగట్లేదు: థర్మోస్టాట్ తెరుచుకోలేదో, రేడియేటర్ పూడిందో. సముద్రం పక్క ఊరు, ఉప్పు బోరునీళ్లు పోసిన పాపం తుప్పై, పెచ్చులై బయటపడుతుంది. కూలెంట్ పోయమని ఎన్నిసార్లు చెప్పాడో!

చివరికి ఆయిల్ పుల్ల తీసి వేళ్లతో రుద్దుతాడు. పాలటీ రంగు కనబడితే మాత్రం గొంతు తగ్గించి అంటాడు: "హెడ్ గాస్కెట్ పోయిందండీ."