మణియా, మనసా?

2024 జనవరిలో విడుదలయైన ప్రశాంత్ వర్మగారి ‘హను-మాన్’ చలనచిత్రమును ఉరవకొండ ప్రాంతమువారు ప్రత్యేకముగ పరికింపవలసియున్నది. వానకై మబ్బువంక చూచుటయే యలవాటైన యీ సీమలో, కష్టము దీర్చువాడెవడో పైనుండి దిగివచ్చునను ఆశ సులభముగ వేరూనును.

ఇందలి హనుమంతు అంజనాద్రి యను కల్పితగ్రామమున చిల్లరదొంగ. మీనాక్షిని దోపిడిగాండ్రనుండి కాపాడబోయి, గాయపడి నీట బడును; అద్భుతమణి యాతనికి లభించుట యటుపిమ్మటనే. తెగువ ముందు, బలము వెనుక. ప్రతినాయకుడైన మైకేలు నడచినది విరుద్ధమార్గము: మహావీరుడు కావలెనని బాల్యముననే కన్నవారిని చంపినవాడు. కీర్తికాంక్షకును కరుణకును గల యీ భేదమే చిత్రమునకు ప్రాణము.

అయినను లోపమొకటి చెప్పక తప్పదు. పాలెగాని బాధలు పడిన గ్రామస్థులు మణి దొరకిన పిదపను చాలవఱకు చూపరులుగనే మిగిలిరి. పాలెగాండ్ర కథలు విని పెరిగిన మనకిది చాలదు. హనుమంతుని మణి సూర్యకాంతిలోనే పనిచేయును. రాత్రివేళ ఊరికి దిక్కెవరు? చెరువు పూడిక తీయుటకు మణి యక్కరలేదు, పదిమంది చేతులు చాలును. నాయకుని యాశ జనులయాశ యైనప్పుడే యాదర్శము సార్థకమగును.