పృచ్ఛకుడు లేని అవధానం

అష్టావధానానికీ, సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఉద్యోగమిచ్చే ముందు పెట్టే ఆన్‌లైన్ కోడింగ్ టెస్టుకూ దగ్గరి చుట్టరికమే ఉంది. రెండింటిలోనూ సమస్య వేరొకరిది, నియమం వేరొకరిది, తల మాత్రం మనది. పుస్తకం తీసి చూడటానికి అక్కడా వీల్లేదు, ఇక్కడా వీల్లేదు. గణం తప్పితే పద్యం నిలవదు, సెమీకోలన్ తప్పితే ప్రోగ్రాము కదలదు. ఈ రెండు విద్యలన్నా నాకు ఇష్టం. అందుకే ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడాలనిపించింది.

అవధానం ఎలా సాగుతుందో తెలుగు పాఠకులకు చెప్పనక్కర్లేదు. కోడింగ్ టెస్టు ఇలా సాగుతుంది. మెయిల్లో లింకు వస్తుంది. హ్యాకర్‌ర్యాంక్, కోడిలిటీ లాంటి వేదిక మీద తెరిస్తే ఒక పక్క ప్రశ్న, ఇంకో పక్క కోడు రాసే చోటు. గంటో గంటన్నరో గడువు. రాసి ‘రన్’ నొక్కితే పైకి కనిపించే రెండు మూడు ఉదాహరణలతో సరిచూస్తుంది. ‘సబ్మిట్’ నొక్కాక అభ్యర్థికి కనిపించని హిడెన్ టెస్ట్ కేసులతో యంత్రం మార్కులు వేస్తుంది. కటాఫ్ దాటితే ఇంటర్వ్యూ. దాటకపోతే చాలాసార్లు ఆ కోడును ఏ మనిషీ చదవకుండానే కథ ముగుస్తుంది.

ఈ టెస్టు ఊరికే పుట్టలేదు. 2007లో ఫిజ్‌బజ్ అనే చిన్న లెక్క మీద పెద్ద చర్చ నడిచింది. 1 నుంచి 100 దాకా అంకెలు అచ్చు వేస్తూ, మూడుకు గుణిజమైన చోట ‘ఫిజ్’ అనీ, ఐదుకు గుణిజమైన చోట ‘బజ్’ అనీ రాయాలి, రెండూ కలిసినచోట రెండు మాటలూ రావాలి. ప్రోగ్రామర్లమంటూ వచ్చినవాళ్లలో ఇది కూడా రాయలేనివాళ్లున్నారని ఇంటర్వ్యూలు చేసేవాళ్ల గోడు. ఒక వడపోత కావాల్సిందే. పైగా ఈ వడపోత కులం అడగదు, ఇంటిపేరు అడగదు. లింకు పంపేటప్పుడే కాలేజీ పేరు చూసే కంపెనీలు లేకపోలేదు కానీ, లింకంటూ వచ్చాక నరసరావుపేటలో చదివిన అమ్మాయికీ ఐఐటీలో చదివిన అబ్బాయికీ ప్రశ్న ఒక్కటే. అవధాన వేదిక మాత్రం చాలాకాలం అంత విశాలంగా లేదు. సంస్కృతం చెప్పే గురువు దొరికిన ఇళ్ల నుంచి వచ్చిన మగవాళ్లదే అక్కడ రాజ్యం. ఈ విషయంలో నా మొగ్గు టెస్టు వైపే.

అయితే నిషిద్ధాక్షరి దగ్గరికి వచ్చేసరికి దారులు విడిపోతాయి. అవధాని ‘శ్రీ’ అన్నాడనుకోండి. రాముడి వైపు వెళ్తాడని ఊహించి పృచ్ఛకుడు ‘ర’ వద్దంటాడు. అవధాని దారి మార్చుకుని ఇంకో అక్షరం వేస్తాడు. అది ఏ మాటకు మొదలో పసిగట్టి పృచ్ఛకుడు ఆ మాటలోని తర్వాతి అక్షరాన్నీ నిషేధిస్తాడు. అక్షరం అక్షరానికీ ఇద్దరి బుర్రలూ ఒకదాన్నొకటి వెంటాడతాయి. చివరికి పద్యం నిలబడితే ముందుగా మెచ్చుకునేది ఆ పృచ్ఛకుడే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో నిత్యం జరిగేదీ ఇదే. సగం పని అయ్యాక క్లయింటు ‘అలా కాదు, ఇలా’ అంటాడు. డేటాబేస్ మారుతుంది, పాత కోడు అడ్డొస్తుంది. కట్టినదాన్ని కూలకుండా మలుపు తిప్పడమే అక్కడి నేర్పు. కోడింగ్ టెస్టులో మాత్రం ప్రశ్న మొదటి నుంచి చివరిదాకా కదలదు. ప్రశ్నలో అస్పష్టత ఉన్నా ‘దీని అర్థమేమిటండీ’ అని అడగడానికి అవతల ఎవరూ లేరు. ఉద్యోగంలో ఆ ప్రశ్న అడగగలవాడే మంచి ప్రోగ్రామరు.

మార్కులు వేసే తీరునూ దగ్గరగా చూడాలి. బైనరీ సెర్చ్ చాలా పాత విద్య. వరసలో పేర్చిన జాబితాను నడిమికి విరిచి, కావలసినది ఏ సగంలో ఉందో చూసి, ఆ సగాన్ని మళ్లీ విరుస్తూ పోవడం. నడిమి కోసం రెండు కొసల స్థానాలనూ కూడి రెండుతో భాగిస్తారు. జావా లైబ్రరీలో కూడా అలాగే రాశారు. కూడిక 214 కోట్లు దాటితే ఫలితం రుణసంఖ్య అయిపోయి ప్రోగ్రాము కూలుతుందని 2006లో జాషువా బ్లాక్ బయటపెట్టేదాకా, ఆ తప్పు దాదాపు తొమ్మిదేళ్లు అక్కడే ఉంది. ఈ తప్పు బయటపడాలంటే జాబితాలో వంద కోట్లకు పైగా అంశాలుండాలి. కోడింగ్ టెస్టుల్లో సాధారణంగా లక్షల్లోనే ఉంటాయి కాబట్టి ఇక్కడ ఆ తప్పుకు నూటికి నూరు వస్తుంది. అదే ఒక అమ్మాయి ఆలోచనంతా సరిగ్గా నడిపి, ‘తక్కువ లేదా సమానం’ ఉండాల్సిన చోట ‘తక్కువ’ గుర్తు మాత్రమే వేస్తే, ఒక్క అంశమున్న జాబితా దగ్గర కేసు పోతుంది, దాంతో కటాఫూ పోవచ్చు. అలాగే అవధానంలోనూ యతి తప్పుతుంది. కానీ అక్కడ ‘యతి చూసుకోండి’ అనే గొంతు ఉంటుంది, అవధాని పాదం సవరించుకుంటాడు. ఎంత త్వరగా సవరించుకున్నాడో కూడా సభ చూస్తుంది.

చూడటం వల్ల చెరుపూ ఉంది. 2020లో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 48 మంది విద్యార్థులకు లెక్క ఇచ్చి, కొందరిని పరీక్షకుడి ఎదుట బోర్డు మీద రాయమన్నారు, మిగతావాళ్లను ఒంటరిగా రాయమన్నారు. ఎదుట మనిషి ఉన్నవాళ్ల పనితనం సగానికి పైగా పడిపోయింది. సభలో నిలబడగలిగినవాడినే నిలబెట్టే అవధానానికి ఇది సూటిగా తగిలే మాట. ఒంటరిగా రాయించే ఆన్‌లైన్ టెస్టుకు ఇక్కడ మేలు జరగాలి. కానీ కెమెరా పెట్టి ఆ మేలునూ పోగొట్టుకున్నారు. ఆలోచిస్తూ తల పైకెత్తితే, చూపు తెర దాటితే అనుమానపు గుర్తు పడే పద్ధతులున్నాయి. అప్రస్తుత ప్రసంగి కూడా అవధాని ఏకాగ్రతను చెదరగొట్టేవాడే. అయితే అతను ఎదురుగా కూర్చుంటాడు, అతని మాటకు అవధాని మాట విసరగలడు. కెమెరాకు సంజాయిషీ ఇచ్చుకునే దారి లేదు.

ఎంత తేడా ఉన్నా రెండూ ఒకచోట కలుస్తాయి. చేతిలో పడిన చిక్కును వెంటనే విప్పడం వేరు, ఏళ్ల తరబడి ఒక నిర్మాణాన్ని మోయడం వేరు. తిరుపతి వెంకట కవులు ఊరూరా శతావధానాలు చేసి గెలిచారు. జనం నోట నిలిచినవి మాత్రం పాండవోద్యోగ విజయాల పద్యాలు. ఆ జంటలో ఒకరైన చెళ్లపిళ్ల వారి శిష్యుడు విశ్వనాథ సత్యనారాయణను మనం తలచుకునేది ఆశువుగా చెప్పిన పద్యాలతో కాదు, ఏళ్లు ధారపోసి రాసిన రామాయణ కల్పవృక్షంతో. ఇటు పక్క మాక్ కంప్యూటర్లలో లక్షలమంది ప్రోగ్రామర్లు వాడే హోమ్‌బ్రూను తయారుచేసిన మ్యాక్స్ హవెల్, ఒక పెద్ద కంపెనీ ఇంటర్వ్యూలో బైనరీ ట్రీని తిరగేసి చూపలేక ఉద్యోగం పోగొట్టుకున్నానని 2015లో చెప్పుకున్నాడు. అవధానాన్ని అవధానంగానే మెచ్చుకుంటాం, దాన్ని చూసి కావ్యం రాసే పని ఎవరికీ అప్పగించం. టెస్టు చూసి మాత్రం కావ్యం అప్పగిస్తున్నాం.

సాధన విషయంలోనూ పోలిక కనిపిస్తుంది. అవధాని పాత సమస్యలెన్నో విని ఉంటాడు, అభ్యర్థి లీట్‌కోడ్‌లో వందల లెక్కలు చేసి ఉంటాడు. అందులో తప్పు లేదు. కానీ వాడిన సమస్యే మళ్లీ ఇస్తే పృచ్ఛకుడి పరువు పోతుంది, సభలో గొణుగుడు మొదలవుతుంది. కోడింగ్ టెస్టులో వాడిన ప్రశ్నే ఏళ్లకేళ్లు తిరుగుతుంది. జవాబులు చేతులు మారతాయి. 2022 చివర చాట్‌జీపీటీ వచ్చాక ఆ అవసరమూ తగ్గింది. ప్రశ్న పాతదైనందుకు, తప్పైనందుకు, పనికి సంబంధం లేనందుకు ఏ ఒక్కరి పేరూ చెడదు. నా ఫిర్యాదంతా ఇదే.

లక్షల దరఖాస్తులకు మనుషులెక్కడి నుంచి తెస్తామని కంపెనీలు అడుగుతాయి. అందరికీ అక్కర్లేదు. ముందు, ఇప్పటికే బాగా పనిచేస్తున్న తమ ఉద్యోగుల చేత అదే టెస్టు, అదే గడువులో, అదే కెమెరా ముందు రాయించాలి. వాళ్లే తప్పితే ప్రశ్న మార్చాలి. తర్వాత కటాఫ్‌కు కాస్త అటూ ఇటూ ఉన్నవాళ్ల కోడు ఒక ప్రోగ్రామరు కళ్లతో చదవాలి. వాళ్లను అరగంట కూర్చోబెట్టి, వాళ్లు రాసిన కోడునే ముందు పెట్టి, ‘ఈ జాబితా మెమరీలో పట్టనంత పెద్దదైతే ఏం చేస్తావమ్మా?’ అని అడగాలి. జవాబు వచ్చాక ఆ దారి కూడా మూసి, ఇంకోటి అడగాలి.