మఖ్దూం: షాయరీ, యూనియన్, ఓటు

మఖ్దూం మొహియుద్దీన్ గురించి తెలుగులో రాసినవాళ్లు ఆయన్ని రెండు ముక్కలు చేశారు. కొందరికి ఆయన ప్రేమ కవి. 1964లో ‘చాచాచా’ సినిమాలో వినిపించిన పాట చాలు వాళ్లకి. మరికొందరికి ఎర్రజెండా కవి. 1944లో వచ్చిన ‘సుర్ఖ్ సవేరా’ చాలు. ఈ ఇద్దరి మధ్యా మాయమైన మూడో మనిషి ఒకడున్నాడు. సిటీ కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం వదులుకుని కార్మికుల మధ్యకు వెళ్లినవాడు. 1946లో పుట్టిన ఆల్ హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు అధ్యక్షుడు.

ఈ మూడో మనిషిని వదిలేస్తే 1952 అర్థం కాదు. ఆ ఏడు ఆయన హుజూర్‌నగర్ నుంచి హైదరాబాదు శాసనసభకు గెలిచాడు. పోలీసు చర్య జరిగి అప్పటికి నాలుగేళ్లే. ఆ రోజుల్లో 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు పోయాయని, అది తక్కువలో తక్కువ లెక్క అని సుందర్‌లాల్ కమిటీ చెప్పింది. పోయినవాళ్లలో ఎక్కువమంది ముస్లింలు. ఆ నెత్తురు ఆరకముందే నల్గొండ పల్లెలు ఒక ముస్లిం పేరుకు ఓటేశాయి. దీన్ని చూపించి ‘మాకు మత భేదం లేదు’ అని సెక్యులర్ మిత్రులు మురిసిపోతుంటారు.

మురిసేముందు అదెలా జరిగిందో చూడాలి. ఆ ఓటు ఎన్నికల ముందు వారం రోజుల్లో పుట్టింది కాదు. ఊళ్లో సంఘం వెట్టి మీద, భూమి మీద కొట్లాడింది. నగరంలో యూనియన్ కూలి మీద కొట్లాడింది. కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉంటే పి.డి.ఎఫ్. పేరుతో నిలబడ్డవాళ్లను జనం గుర్తుపట్టారు. రావి నారాయణరెడ్డికి నల్గొండలో నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు పడ్డాయి. యూనియన్‌లో మఖ్దూంకు తోడు నిలిచిన రాజ్ బహదూర్ గౌర్ ముస్లిం కాదు, కానీ ఉర్దూలో రాసినవాడు. ఆనాటికి ఉర్దూ మసీదు పక్క భాష మాత్రమే కాదు, సమ్మె భాష కూడా. మన విమర్శకు ఇది పట్టలేదు.

ఆ తర్వాత ఏమైంది? యూనియన్ ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోయింది. ముస్లిం కష్టజీవి ఆ గేటు బయట ఉండిపోయాడు. పంక్చర్ దుకాణం, వెల్డింగ్, ఆటో, కిరాయి బండి. అతనికి ముస్టర్ రోల్ లేదు, సమ్మె నోటీసు లేదు. ఎన్నికలొస్తే లెక్కకు మాత్రం వస్తాడు, ముస్లిం ఓటుగా. సెక్యులర్ పార్టీ భయం చూపించి అడుగుతుంది. కౌమ్ పేరు చెప్పేవాళ్లు అభిమానం చూపించి అడుగుతారు. నీ రోజు కూలి ఎంత అని ఇద్దరూ అడగరు.

బీడీ చుట్టే ఆడవాళ్ల కథ వేరు. ఇంట్లో కూర్చుని చుట్టినా కార్మికురాలేనని 1966 చట్టం ఒప్పుకుంది. తెలంగాణ వచ్చాక ప్రభుత్వం బీడీ కార్మికులకు పెన్షన్ ఇస్తే, పి.ఎఫ్. నంబరు ఉన్నవాళ్లకే దక్కింది. నిజామాబాద్, కరీంనగర్‌లలో ఆ జాబితాలో పద్మశాలి ఆడమనిషి పేరు, ముస్లిం ఆడమనిషి పేరు పక్కపక్కనే ఉన్నాయి. ఏ నాయకుడూ కాదనలేని లెక్క అది.

అస్తిత్వం గురించి మాట్లాడితే వర్గ ఐక్యత చెడుతుందని మాకు చెబుతుంటారు. 1952లో మఖ్దూం తన పేరు దాచుకుని గెలవలేదు. మా పేరు వదులుకుని యూనియన్‌లోకి రమ్మంటే రాము. పేరు ఒక్కటి చాలు, కూలి సంగతి తర్వాత అనేవాళ్ల వెనకా పోలేం. పంక్చర్ దుకాణం కుర్రాడి పేరు ఓటర్ల జాబితాలో ఎప్పటినుంచో ఉంది. యూనియన్ రిజిస్టర్‌లో ఎప్పుడెక్కుతుందో మిత్రులు చెప్పాలి.