ముందు కిందికి, తర్వాతే వెనక్కి

చెవికి కాస్త ముందు వేలు ఆనించి నోరు తెరిచి మూయండి. వేలి కింద ఎముక బొడిపె ఒకటి కదిలి, ముందుకు జారి, మళ్లీ తన గుంటలోకి వెళ్తుంది. అదే దవడ కీలు. పంటి నొప్పితో వచ్చినవాళ్లకైనా సరే, నేను మొదట వేలు పెట్టి చూసేది అక్కడే.

మోచేయి తలుపు బందులా ఆడుతుంది. దవడ కీలు తీరు వేరు. నోరు 20, 25 మిల్లీమీటర్లు తెరుచుకునేదాకా బొడిపె ఉన్నచోటే తిరుగుతుంది. ఆ తర్వాత ముందున్న ఎముక మిట్ట మీదికి జారుతుంది. రెండు ఎముకల మధ్య పలచటి దిండులాంటి డిస్క్ దానితోపాటే కదులుతుంది. అది చోటు తప్పినప్పుడే చాలామందికి నోరు తెరిస్తే ‘టిక్కు’మంటుంది.

హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒక రాత్రి ఒక పెద్దావిడను తీసుకొచ్చారు. ఆవలించిన నోరు మూతపడలేదు. మాట రాదు, చొంగ కారుతోంది. పక్షవాతమేమోనని కొడుకు ఏడుస్తున్నాడు. చెవి ముందు వేలు పెడితే బొడిపె ఉండాల్సిన చోట గుంట తగిలింది. రెండు వైపులా బొడిపెలు మిట్ట దాటి ముందుకు పడిపోయాయి. నేను గడ్డం పట్టుకుని వెనక్కి తోశాను. కదల్లేదు. ఇంకా బలంగా తోశాను. ఆవిడ కళ్ల వెంట నీళ్లు కారాయి.

మా పీజీ మేడమ్ నన్ను పక్కకు జరగమన్నారు. బొటనవేళ్లకు గాజ్ గుడ్డ చుట్టుకుని, కింది దవడ పళ్ల మీద ఆనించారు. “అమ్మా, మెడ వదులుగా పెట్టు, నేనున్నానుగా” అంటూ కిందికి నొక్కి అలాగే పట్టుకున్నారు. తోయలేదు. బిగుసుకుపోయిన నమిలే కండరాలు అలిసి సడలేదాకా ఆగారు. ఆ తర్వాత మెల్లగా వెనక్కి. దవడ చటుక్కున కూర్చుంది. హిపోక్రటీస్ గ్రంథాల్లోనూ ఉన్న పద్ధతి ఇది. కిందికి దించకుండా వెనక్కి తోస్తే బొడిపె మిట్టకే తగులుతుంది. ఈ కీలు బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే, ఆ రాత్రి ఆవిడను అనవసరంగా బాధపెట్టాను.

కీలుకూ చెవి ముందు భాగానికీ వెళ్లే నరం ఒకటే. అందుకే కొందరు దవడ నొప్పిని చెవి నొప్పి అనుకుని నెలల తరబడి చుక్కలు వేసుకుంటారు.

నా బెంగంతా పిల్లల గురించి. సైకిల్ మీంచి పడి గడ్డం పగిలితే కుట్లు వేయించి ఇంటికి తీసుకెళ్తారు. ఆ దెబ్బ ఎముక వెంట పైకి పోయి చెవి ముందు బొడిపెను విరగ్గొట్టి ఉండొచ్చు. గమనించకపోతే కొందరిలో కీలు ఎముకతో ఎముక అతుక్కుపోతుంది, దవడ ఎదగదు, ఏళ్లు గడిచేసరికి నోట్లోకి చెంచా కూడా దూరదు. గడ్డానికి కుట్లు వేసే డాక్టరును అక్కడే, అప్పుడే అడగండి: “చెవి ముందు కూడా ఒకసారి చూస్తారా?”