తుమ్మ మొద్దు, కోత మిషను, బొగ్గు బస్తా

నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద దాచేపల్లి దాటి వస్తుంటే పిడుగురాళ్ల కంటే ముందు దాని సున్నపు బట్టీలు పలకరిస్తాయి. సున్నపురాయి, బొగ్గు వరసలు వరసలుగా పేర్చి 900 డిగ్రీల వేడి దాకా కాలిస్తే, మేలైన రాయి నూరు కిలోలకు 56 కిలోల సున్నం దిగుతుంది. తక్కిన 44 కిలోలు బొగ్గుపులుసు గాలిగా ఎగిరిపోతాయి. నిప్పు లెక్క తెలిసిన ఊరు ఇది. పూర్వం ఊళ్లలో సున్నం కాలాలన్నా, కమ్మరి కొలిమి రగలాలన్నా కట్టె బొగ్గే ఆధారం. ఆ కట్టె కొట్టే పనిలో ఉన్న నేర్పు గురించే ఈ నాలుగు మాటలు. గొడ్డలి పోయి కోత మిషను వచ్చినా ఆ నేర్పు అవసరం తగ్గలేదని నా నమ్మకం.

పిడుగురాళ్ల ఉన్న ఈ పల్నాటిలో ఇవాళ కట్టె అంటే ముందు గుర్తొచ్చేది సర్కారు తుమ్మ. 1877 ప్రాంతంలో జమైకా నుంచి గింజలు తెప్పించి కడప జిల్లా కమలాపురంలో నాటించింది అప్పటి మద్రాసు ప్రభుత్వం. సర్కారు తెచ్చిన తుమ్మ కాబట్టి ఆ పేరు. అది కాలువ గట్లు, చెరువు కట్టలు, బీళ్లు అన్నిటినీ ఆక్రమించింది. రైతు దాన్ని తిట్టుకోవడంలో న్యాయం ఉంది. కానీ పొయ్యిలో పెట్టిన వాళ్లెవరూ దాన్ని తిట్టరు. గట్టి కట్టె, నిదానంగా కాలుతుంది, నిప్పు నిలుస్తుంది.

పాతకాలపు కట్టెకొట్టేవాళ్లు చెట్టును చూడగానే మనసులోనే పంచేసేవారు. నల్లతుమ్మ అయితే చేవ ఉన్న మాను నాగలికి, బండి చక్రానికి. వంపు తిరిగిన కొమ్మ కొడవలి పిడికి. ఆకు, కాయ మేకలకు. కంప చేలకు కంచె. పొయ్యికి వెళ్లేది ఆఖరున మిగిలిందే. మాను కొట్టాక కొన్ని నెలలు చెరువు నీళ్లలో నానవేసేవారు. చెక్కలోని పిండిపదార్థం నీటిలోకి దిగిపోతే పురుగుకు తిండి ఉండదు. కారణం ఇలా విడమరచి చెప్పకపోయినా ఫలితం వాళ్లకు బాగా తెలుసు.

ఇప్పుడు ఆ పంపకం మానేసి, మిషనుతో గంటలో చెట్టును ముక్కలు చేసి, అంతా ఒకే ధరకు టన్నుల్లెక్కన లారీకెత్తుతున్నారు. నష్టమంతా అక్కడే.

ముందు మిషను సంగతి. ఈ కోత మిషన్లలో ఎక్కువ భాగం టూ స్ట్రోక్ ఇంజన్లే. పెట్రోలులో కలిపిన ఆయిలే లోపల పిస్టన్‌కు తడి. కంపెనీ పుస్తకంలో 50:1 అని ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25:1 అని ఉంటే 40. కంటికి అందాజాగా పోస్తే తక్కువైన రోజు పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైన రోజు పొగ కక్కి ప్లగ్గు మసి పడుతుంది. పది రూపాయల కొలత గ్లాసు కొనుక్కోవడానికి బద్ధకించి వేల రూపాయల సిలిండర్ పోగొట్టుకోవడం అన్యాయం. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, కార్బొరేటర్‌లోని రబ్బరు పొరలను పాడు చేస్తుంది. కాబట్టి వారం పనికి సరిపడా మాత్రమే కలపాలి, పోసే ముందు డబ్బా బాగా కుదపాలి, నెల దాటిన మిశ్రమం వాడకూడదు. పని లేని కాలంలో టాంకు ఖాళీ చేసి, ఇంజను దానంతట అదే ఆగేదాకా నడిపి పక్కన పెట్టాలి. మండే ఎండలకు పేరుపడ్డ రెంటచింతల ఉన్న సీమ ఇది. డబ్బా నీడలో ఉండాలి, మూత మెల్లగా తిప్పి ఆవిరి వదలాలి. వేడి ఇంజనులో పెట్రోలు పోయకూడదు, పోసిన చోటే స్టార్టు చేయకూడదు. మూడు మీటర్లన్నా పక్కకు జరగాలి.

చైనుకు పోసే ఆయిల్ వేరు. బండ్ల షెడ్డులో దొరికే కాలిన ఆయిల్ పోసేవాళ్లున్నారు. అందులో ఇనుప రజను ఉంటుంది, బార్‌ను, ఆయిల్ పంపును అరగదీస్తుంది, చేతికీ మంచిది కాదు.

పదును విషయం రంపపు పొట్టే చెబుతుంది. పేళ్లు పేళ్లుగా రాలుతుంటే చైను పదునుగా ఉన్నట్టు. పిండిలా రాలుతుంటే మిషను కోయడం మానేసి రాపాడుతున్నట్టు. అప్పుడు బలంగా నొక్కడం తప్పు, ఆపి ఆకురాయి పట్టాలి. చైనుకు తగిన సైజు గుండ్రటి ఆకురాయితో, చాలా చైన్లకు 30 డిగ్రీల వాలులో, ప్రతి పంటికీ లెక్కగా అన్నే రాపిళ్లు. ఒకవైపు ఎక్కువ పడితే కోత వంకర పోతుంది. మన దగ్గర గట్టు చెట్లకు మట్టి, రాతిదుమ్ము అంటుకుని ఉంటాయి. కోసేచోట బెరడును ముందు గొడ్డలితో చెక్కేసుకుంటే చైను పదును ఎక్కువసేపు నిలుస్తుంది. కంచె తీగలు, మేకులు మింగేసిన పాత చెట్లను తడిమి చూసుకోవాలి.

కూల్చే పద్ధతి గొడ్డలి నాటిదే. పడాల్సిన వైపు మాను లావులో నాలుగో ఐదో వంతు లోతున గాటు పెట్టి, వెనక నుంచి దానికి కాస్త ఎత్తులో కోస్తూ, మధ్యలో పదో వంతు కోయకుండా వదలాలి. ఆ వదిలిన పట్టీయే తలుపు బందులా చెట్టును వంచుతుంది. అదీ కోసేస్తే చెట్టు తన ఇష్టం వచ్చిన వైపు పడుతుంది. బార్ కొన పైభాగం దేనికైనా తగిలితే మిషను ఎగిరి ముఖం మీదికి వస్తుంది. రెండు చేతులతో బొటనవేలు చుట్టి పట్టుకోవడం, చైను బ్రేకు పనిచేస్తోందో లేదో పొద్దున్నే చూసుకోవడం తప్ప దానికి మందు లేదు. కళ్లద్దాలు, బూట్లు, చెవులకు మూతలు వేసుకోనివాళ్లను చూస్తే నాకు భయం వేస్తుంది. తుమ్మ ముల్లు రబ్బరు చెప్పును దాటి కాల్లో దిగుతుంది.

ఇక అమ్మకం. పచ్చి కట్టె బరువులో సగానికి దగ్గరగా నీళ్లే. తూకానికి అమ్మేవాడికి అది లాభంగా కనిపిస్తుంది, కానీ కొనేవాడు ఆ తరుగు లెక్క ముందే వేసుకుని ధర కోస్తాడు. చీల్చి, నేలకు తగలకుండా పేర్చి, రెండు మూడు నెలలు ఆరబెట్టిన కట్టెను హోటళ్లకు, కట్టెల పొయ్యి మీద బిర్యానీ వండేవాళ్లకు నేరుగా అమ్మితే ధర వేరు. చేయి లావు కొమ్మలు బొగ్గుకు. సన్న పుల్లలు ఇటుక బట్టీలకు. నూనె అంటిన రంపపు పొట్టు పశువుల కింద పరచడానికి పనికిరాదు, పొయ్యికే. సర్కారు తుమ్మ కాయలు తియ్యగా ఉంటాయి, గొర్రెలకు మంచి మేత. కాని అలాగే మేపితే పెంటికలతో గింజ ఊరంతా మొలుస్తుంది. ఎండబెట్టి పిండి ఆడించి దాణాలో కలపాలి.

బొగ్గు బట్టీ మాత్రం ఓపికకు పరీక్ష. ఉన్నవాటిలో లావువి నడుమ, సన్నవి సందుల్లో, పైన ఆకు, ఆపైన తడిమట్టి. కింద గాలి కన్నాలు. నిప్పు పెట్టాక తెల్లటి దట్టమైన పొగ వస్తుంటే నీరు పోతోందన్నమాట. పలచబడి నీలంగా మారితే బొగ్గే కాలుతోందని అర్థం, వెంటనే కన్నాలు మూసేయాలి. పూర్తిగా చల్లారకముందు తవ్వితే గాలి తగిలి మళ్లీ అంటుకుంటుంది. మట్టి బట్టీలో నాలుగైదు కిలోల కట్టెకు కిలో బొగ్గు వస్తే మంచి పనితనం. ఎండు కట్టె కిలోకు సుమారు 4,000 కిలోకేలరీల వేడి ఉంటే బొగ్గుకు 7,000. వేడి చాలావరకు పొగలో పోయిందని లెక్క తేలుతుంది, నిజమే. కానీ మోసుకెళ్లే బరువు నాలుగో అయిదో వంతుకు తగ్గుతుంది, ఏడాది నిల్వ ఉన్నా పురుగు పట్టదు. పెద్ద బొగ్గు తందూరి పొయ్యిలకు, చిన్నది ఇస్త్రీ బండ్లకు, మొక్కజొన్న పొత్తులు కాల్చేవాళ్లకు, నుసి అగరబత్తీల తయారీకి.

వీటన్నిటికంటే ముందు చేయాల్సింది ఒకటుంది. 2002 నాటి వాల్టా (నీరు, నేల, చెట్ల) చట్టం చెట్టు కొట్టడానికి అనుమతి కావాలంటుంది. ఏ జాతికి ఏ నియమమో, రవాణాకు ఏ కాగితమో అటవీ రేంజి కార్యాలయంలో అడిగాకే మిషను బయటకు తీయాలి.

నేల సాగుకు కావాలంటే సర్కారు తుమ్మను వేరుతో సహా తవ్వాల్సిందే. కట్టె కోసమే అయితే జానెడు ఎత్తు వదిలి, వాన నీరు నిలవకుండా ఏటవాలుగా కోయాలి. రాళ్లకు తగలక చైనూ బతుకుతుంది, మొద్దూ బతుకుతుంది. తొలకరికి ఆ మొద్దు చుట్టూ గుబురుగా పిలకలు లేస్తాయి. నిటారుగా ఉన్న రెండు మూడు వదిలి తక్కినవి కొడవలితో తీసేస్తే నాలుగైదేళ్లకు మళ్లీ కోతకొస్తుంది. తీసిన పిలకలు ఆ ఏటి మిరపచేను కంచెకు సరిపోతాయి.